లెక్క తప్పని ల్యాప్‌టాప్!

చూడటానికి అదీ మామూలు ల్యాప్‌టాప్‌లాగే ఉంటుంది. కాకపోతే కాస్త లావు, కాస్త బరువు. ధర మాత్రం రెండింతలో మూడింతలో! వంతెనల డిజైన్లు, విమానం రెక్కలు, సినిమాల్లో గ్రాఫిక్స్ మాయాజాలం... ఇలాంటి పనులు చేసేవాళ్ల సంచుల్లో ఉండే ‘మొబైల్ వర్క్‌స్టేషన్’ కథ ఇది.

2003 మే 18. బెల్జియంలో ఎన్నికలు. బ్రసెల్స్ నగరంలో భాగమైన స్కార్‌బేక్‌లో ఓట్లు లెక్కపెడుతున్నారు. అక్కడ అప్పటికే కంప్యూటర్ ఓటింగు. తీరా ఫలితం చూస్తే లెక్క ఎక్కడో తేడా కొట్టింది. ఒక అభ్యర్థికి, అసలు రావడానికి వీలున్న ఓట్లకన్నా ఎక్కువ పడ్డాయి! ఓటర్ల కార్డులన్నీ మళ్లీ లెక్కపెడితే తేలిందేంటంటే... ఆమె ఖాతాలో అదనంగా చేరినవి సరిగ్గా 4096 ఓట్లు.

కంప్యూటర్ల సంగతి తెలిసినవాళ్లకు ఆ అంకె చూడగానే అనుమానం వస్తుంది. కంప్యూటర్‌కు వచ్చినవి సున్నా, ఒకటి... రెండే. ఏ సంఖ్యనైనా 1, 2, 4, 8... ఇలా రెట్టింపవుతూ పోయే స్థానాల్లో రాసుకుంటుంది. ఆ వరసలో పదమూడో స్థానం విలువే 4096. అంటే, మెమరీలో ఆ చోట ఉండాల్సిన సున్నా కాస్తా దానంతటదే ఒకటిగా మారిపోయిందన్నమాట. ప్రోగ్రాములో వెతికితే తప్పేమీ దొరకలేదు. అంతరిక్షం నుంచి భూమ్మీదికి నిత్యం కాస్మిక్ కిరణాలు వస్తూనే ఉంటాయి. వాటి వల్ల పుట్టిన కణమేదో చిప్‌ని తాకి ఉంటుందన్నది నిపుణుల అంచనా.

ఓట్లు కాబట్టి మళ్లీ లెక్కపెట్టారు. అదే ఓ వంతెన దూలం ఎంత బరువు మోయగలదో తేల్చే లెక్కయితే? రెండు రోజులపాటు ఏకబిగిన నడిచే ఆ లెక్క మధ్యలో ఒక్క సున్నా ఒకటైతే? వచ్చిన జవాబు చూడటానికి సవ్యంగానే ఉంటే ఎవరు పట్టుకుంటారు?

ఇదిగో, వర్క్‌స్టేషన్ అనే కంప్యూటర్ విలువ తెలిసేది ఇక్కడే. 1980ల్లో అపోలో, సన్ మైక్రోసిస్టమ్స్, సిలికాన్ గ్రాఫిక్స్ లాంటి కంపెనీలు ఇంజినీర్ల కోసం, శాస్త్రవేత్తల కోసం వీటిని తయారుచేశాయి. 1982లో సన్‌ని స్థాపించిన నలుగురిలో మన వినోద్ ఖోస్లా ఒకరు. ఇంట్లో ఉత్తరాలు రాసుకునే కంప్యూటర్ కాదిది. రోజుల తరబడి ఆగకుండా పనిచేయాలి. గీసిన బొమ్మను అటూ ఇటూ తిప్పి చూపాలి. అన్నిటికన్నా ముఖ్యం, లెక్క తప్పకూడదు. అన్నీ బాగానే ఉన్నాయిగానీ దాని చోటు ఆఫీసులో బల్ల మీదే. వంతెన కడుతున్నదేమో ఎక్కడో నది మధ్యన!

పదకొండు కిలోల ‘పోర్టబుల్’

వెంట తీసుకెళ్లే కంప్యూటర్‌ని జనంలోకి తెచ్చిన తొలి వ్యక్తుల్లో ఆడమ్ ఆస్‌బోర్న్ ఒకరు. పేరు ఇంగ్లిష్‌వాళ్లదే అయినా ఆయన బాల్యం చాలావరకు గడిచింది తిరువణ్ణామలైలో. తండ్రి ఆర్థర్ ఆస్‌బోర్న్ రమణ మహర్షి భక్తుడు, మహర్షి గురించి పుస్తకాలు రాసినవాడు. ఆ అరుణాచలం నీడన పెరిగిన కుర్రాడే 1981లో అమెరికాలో ‘ఆస్‌బోర్న్ 1’ని విడుదల చేశాడు. ధర 1795 డాలర్లు. బరువు 11 కిలోలు! మూతపెడితే కుట్టుమిషన్ పెట్టెలా ఉండేది. తెర అయిదే అంగుళాలు. అయినా విరగబడి కొన్నారు. కంపెనీ మాత్రం రెండేళ్లకే దివాలా తీసింది. ఆస్‌బోర్న్ చివరి రోజుల్లో మళ్లీ తమిళనాడుకే వచ్చి, 2003లో కొడైకెనాల్‌లో కన్నుమూశాడు.

ఇప్పుడు మనం చూస్తున్న ల్యాప్‌టాప్ రూపం... పుస్తకంలా తెరిస్తే పైన తెర, కింద కీబోర్డు... 1982లో వచ్చిన గ్రిడ్ కంపాస్‌ది. బ్రిటిష్ డిజైనర్ బిల్ మాగ్రిడ్జ్ చేతి చలువ అది. ఒళ్లంతా మెగ్నీషియం లోహం. బరువు ఇంచుమించు 5 కిలోలు, ధర 8150 డాలర్లు. అంత సొమ్ము పెట్టి మామూలు జనం ఎక్కడ కొంటారు? అమెరికా సైన్యం కొంది, నాసా కొంది. స్పేస్ షటిల్‌లో వ్యోమగాములు వాడింది దీన్నే. అయితే అక్కడో చిక్కు. భూమ్మీదయితే వేడెక్కిన గాలి దానంతటదే పైకి పోతుంది, చల్లగాలి ఆ చోట్లోకి వస్తుంది. భారరహిత స్థితిలో పైనా కిందా ఏముంది? వేడిగాలి యంత్రం చుట్టూనే ఉండిపోతుంది. దాంతో నాసా ప్రత్యేకంగా ఫ్యాను పెట్టించుకోవాల్సి వచ్చింది.

1993 డిసెంబరులో హబుల్ టెలిస్కోపును బాగుచేయడానికి వెళ్లిన ఎండీవర్ షటిల్‌లో ఐబీఎం ‘థింక్‌ప్యాడ్ 750సి’ కూడా ఉంది. దానికి అప్పజెప్పిన పని ఏమిటో తెలుసా? అంతరిక్షంలోని రేడియేషన్ వల్ల మెమరీలో సున్నాలూ ఒకట్లూ తారుమారవుతాయేమో కనిపెట్టడం! బెల్జియం ఎన్నికలకు పదేళ్ల ముందే నాసాకు ఈ బెంగ ఉందన్నమాట. ఆ తర్వాత అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో థింక్‌ప్యాడ్ ‘ఎ31పి’లు, వాటి తర్వాత హెచ్‌పీ జెడ్‌బుక్‌లు చేరాయి. ఈ రెండూ వర్క్‌స్టేషన్ తరగతివే.

తోకకప్ప ఎగిరింది

పూర్తిస్థాయి వర్క్‌స్టేషన్‌ని సంచిలో పెట్టిన ఘనత ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జికి చెందిన ట్యాడ్‌పోల్ అనే చిన్న కంపెనీది. పేరుకు అర్థం తోకకప్ప! సన్ వర్క్‌స్టేషన్లలో ఉండే స్పార్క్ చిప్‌తో, అదే యునిక్స్ వ్యవస్థతో 1990ల ఆరంభంలో ‘స్పార్క్‌బుక్’ తెచ్చింది. ఆఫీసులో నడిచే సాఫ్ట్‌వేర్ మార్పేమీ లేకుండా ల్యాప్‌టాప్‌లో నడిచింది. 1994లో ఐబీఎం కూడా ఈ ట్యాడ్‌పోల్‌తో కలిసే తన ఆర్ఎస్/6000 వర్క్‌స్టేషన్ల వరసలో ‘ఎన్40’ అనే నోట్‌బుక్‌ను తీసుకొచ్చింది. అయితే ఇవన్నీ కొద్దిమంది కొనగలిగినవి. ఈలోగా ఇంటెల్ చిప్‌లు బలపడ్డాయి, విండోస్ ఎన్‌టీ వచ్చింది. ఇంజినీరింగ్ సాఫ్ట్‌వేర్లు ఒక్కొక్కటే యునిక్స్‌ను వదిలి అటు మళ్లాయి.

అసలు మలుపు 2001లో. ఎన్‌విడియా కంపెనీ తన క్వాడ్రో గ్రాఫిక్స్ చిప్‌ని ల్యాప్‌టాప్‌లో ఇమిడేలా ‘క్వాడ్రో2 గో’ పేరుతో చేసింది. దాంతో డెల్ ‘ప్రెసిషన్ ఎం40’ వచ్చింది. మరుసటి ఏడాదే ఐబీఎం ‘ఎ31పి’. పదిహేను అంగుళాల తెర మీద 1600, 1200 చుక్కల స్పష్టత! అప్పట్లో చాలా ఇళ్లలో ఉన్న డబ్బా మానిటర్లకే అంత స్పష్టత ఉండేది కాదు. 2005లో ఐబీఎం కంప్యూటర్ల విభాగం లెనోవో చేతికెళ్లింది. అప్పటినుంచి ఈ రంగంలో పోటీ ప్రధానంగా డెల్, హెచ్‌పీ, లెనోవోల మధ్యే.

‘గేమ్స్ ఆడే ల్యాప్‌టాప్‌లోనూ పెద్ద గ్రాఫిక్స్ చిప్ ఉంటుంది కదా, ఇదెందుకు ఎక్కువ ధర?’ అని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. రెండు చిప్‌లూ చాలాసార్లు ఒకే కుదురువి. తేడా అంతా వెనక జరిగే పరీక్షల్లో ఉంది. ఆటలో శత్రువు చొక్కా మీద ఒక చుక్క రంగు మారితే ఎవరికీ నష్టం లేదు. కారు ఇంజిను డిజైన్‌లో ఒక గీత మాయమైతే? అందుకే ఆటోడెస్క్, సాలిడ్‌వర్క్స్, కాటియా లాంటి సాఫ్ట్‌వేర్లు ఫలానా మోడల్, ఫలానా గ్రాఫిక్స్, ఫలానా డ్రైవర్... ఈ కలయికలో సరిగ్గా నడుస్తాయని పరీక్షించి ధ్రువీకరిస్తారు. అదనంగా కట్టే డబ్బులో పెద్దవాటా ఆ ధీమాకే.

పేరు గొప్ప... జాగ్రత్త తక్కువ!

మరి సున్నా ఒకటయ్యే గండం మాటేమిటి? దానికి మందు ఎప్పుడో ఉంది. ‘ఈసీసీ’ మెమరీ అంటారు. ప్రతి 64 బిట్లకూ మరో ఎనిమిది బిట్లు కాపలా ఉంటాయి. కిరాణా కొట్టు పుస్తకంలో ప్రతి పేజీకీ అడ్డంగా ఒక మొత్తం, నిలువుగా ఒక మొత్తం వేసి ఉంచితే ఏ గడిలో అంకె తప్పిందో చప్పున తెలిసిపోతుంది చూడండి, ఇంచుమించు అలాగే. ఒక బిట్ తప్పితే అక్కడికక్కడే దిద్దుతుంది. రెండు తప్పితే దిద్దలేదుగానీ, తప్పు జరిగిందని చెబుతుంది.

విచిత్రమేంటంటే, ఇంటెల్ చిప్‌లతో వచ్చిన మొబైల్ వర్క్‌స్టేషన్లకు చాలా ఏళ్లపాటు ఈ కాపలా అందలేదు. బల్లమీది వర్క్‌స్టేషన్లకు, సర్వర్లకు ఇచ్చిన రక్షణను ల్యాప్‌టాప్‌ల దగ్గరికొచ్చేసరికి పక్కన పెట్టేశారు. 2015లో ఇంటెల్ తన జియాన్ చిప్‌లను తొలిసారి ల్యాప్‌టాప్‌లకు ఇచ్చాకే లెనోవో ‘పి50’, ‘పి70’ లాంటివాటిలో ఈసీసీ వచ్చింది. సన్నని మోడళ్లలో చాలావాటికి ఇప్పటికీ లేదు. వర్క్‌స్టేషన్ అన్న పేరు చూసి మురిసిపోకుండా ఈ ఒక్క సంగతీ అడిగి తెలుసుకోవాల్సిందే.

మూడు ఫ్యాన్ల కరెంటు

మరో శత్రువు వేడి. 2008 చివర్లో లెనోవో ప్రకటించిన ‘డబ్ల్యూ700డీఎస్’ని చూస్తే ఈ రంగం ఎంత దూరం వెళ్లిందో అర్థమవుతుంది. 17 అంగుళాల తెర చాలదన్నట్టు దాని వెనక నుంచి సొరుగులా బయటికొచ్చే మరో 10.6 అంగుళాల తెర! చెయ్యి ఆనించే చోట కలంతో బొమ్మలు గీసే పలక. తెర రంగులు సరిగ్గా ఉన్నాయో లేదో చూసే సాధనం. ఫొటోగ్రాఫర్లకు పండగే. బరువు మాత్రం దాదాపు 5 కిలోలు. పాతికేళ్ల తర్వాత మళ్లీ గ్రిడ్ కంపాస్ బరువు దగ్గరికే వచ్చారన్నమాట. ఇటుకరాయంత అడాప్టర్ దీనికి అదనం. ఇలాంటి యంత్రాలకు 230 వాట్ల అడాప్టర్ మామూలే. ఇంట్లో మూడు సీలింగ్ ఫ్యాన్లు తిరిగే కరెంటది. అదంతా చివరికి వేడిగా మారి, నోటుపుస్తకమంత పెట్టెలోంచి బయటికి పోవాలి. పోకపోతే చిప్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. పెట్టిన డబ్బంతా వృథా!

పోనీ పెద్ద బ్యాటరీ పెడదామా అంటే విమానాలవాళ్లు ఒప్పుకోరు. అనుమతి అడగకుండా వెంట తీసుకెళ్లే లిథియం బ్యాటరీకి హద్దు 100 వాట్ అవర్లు. అందుకే ఎంత ఖరీదైన ల్యాప్‌టాప్‌లోనైనా బ్యాటరీ ఆ గీత దగ్గరే ఆగిపోతుంది. ఉన్నదాన్ని పొదుపుగా వాడటమే దారి. మామూలు పని చేస్తున్నప్పుడు పెద్ద గ్రాఫిక్స్ చిప్‌ని దానంతటదే నిద్రపుచ్చే ‘ఆప్టిమస్’ పద్ధతిని ఎన్‌విడియా 2010లో తెచ్చింది. 2013లో హెచ్‌పీ ‘జెడ్‌బుక్ 14’తో సన్నని వర్క్‌స్టేషన్ల కాలం మొదలైంది.

సన్నబడినకొద్దీ మరో ఇబ్బంది. మెమరీ చిప్‌లను బోర్డుకే అతికించేస్తున్నారు. తర్వాత పెంచుకుందామంటే కుదరదు, పాడైతే బోర్డు మొత్తం మార్చాలి. దీనికి డెల్ ఇంజినీర్లు 2022లో ఒక ఉపాయం చూపారు. పల్చటి పలక మీద మెమరీ పెట్టి మరలతో బిగించే ‘క్యామ్’ పద్ధతి అది. మొదట్లో అందరూ, ‘ఇది డెల్ సొంత తాళంచెవి’ అని అనుమానించినా 2023 డిసెంబరులో అది పరిశ్రమ మొత్తానికీ ప్రమాణమైంది. మరుసటి ఏడాదే లెనోవో ‘పి1’లో దాని తమ్ముడు కనిపించాడు.

దీనికి పూర్తి ఎదురుదారిలో వెళ్లింది యాపిల్. ప్రాసెసర్, గ్రాఫిక్స్ రెండూ ఒకే మెమరీని పంచుకునేలా 2020 నుంచి సొంత చిప్‌లు చేస్తోంది. 2023 నాటికి ఆ మెమరీ 128 జీబీకి చేరింది. 2025లో హెచ్‌పీ కూడా ఏఎండీ చిప్‌తో కిలోన్నర పైచిలుకు బరువున్న ‘జెడ్‌బుక్ అల్ట్రా’లో అంతే మెమరీ ఇచ్చింది. ఇంత ఎందుకంటారా? కృత్రిమ మేధ! రోగుల రికార్డులు, కోర్టు కాగితాలు లాంటివి బయటి సర్వర్లకు పంపడం ఇష్టంలేనివాళ్లు ఆ పెద్ద పెద్ద ఏఐ మోడళ్లను తమ ల్యాప్‌టాప్‌లోనే నడుపుకోవచ్చు. మరలా, అతుకా... ఈ పోటీలో ఎవరు నెగ్గినా కొనుక్కున్నవాళ్ల జేబు గుర్తుంచుకుంటే బాగుంటుంది.

మనకు అవసరమా?

పిల్లాడు మెకానికల్‌లోనో సివిల్‌లోనో చేరాడు, ‘నాన్నా, వర్క్‌స్టేషన్ కావాలి’ అన్నాడనుకోండి. కంగారుపడక్కర్లేదు. కాలేజీ స్థాయి డ్రాయింగులకు 16 జీబీ మెమరీ, విడి గ్రాఫిక్స్ చిప్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్ సరిపోతుంది. ఆటోడెస్క్ లాంటి కంపెనీలు విద్యార్థులకు సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగానే ఇస్తున్నాయి. చదువు అయ్యాక యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్, స్ట్రక్చరల్ డిజైన్ లాంటి వృత్తుల్లోకి వెళ్తే అప్పటి మాట వేరు.

అంతగా కావాలనుకుంటే మధ్యేమార్గం ఒకటుంది. పెద్ద కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి తీసేసిన వర్క్‌స్టేషన్లు సెకండ్‌హ్యాండ్ మార్కెట్లోకి వస్తుంటాయి. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి సీటీసీ లాంటి చోట్ల కొత్త మామూలు ల్యాప్‌టాప్ ధరకే దొరకొచ్చు. గట్టిగా కట్టినవి కాబట్టి ఇంకొన్నేళ్లు పనిచేస్తాయి. కొనేముందు బ్యాటరీ ఎంత అరిగిందో, పాత కంపెనీ పాస్‌వర్డ్ తాళం ఇంకా ఉందేమో చూడాలి. పది నిమిషాలు బరువైన పని చేయించి, ఫ్యాను ఎంత గోల పెడుతోందో చెవి పెట్టి వినాలి. దానితోపాటు వచ్చిన అసలు అడాప్టర్‌ను అడిగి తీసుకోవడం మరిచిపోకూడదు. 170 వాట్ల యంత్రానికి దుకాణదారు చేతికి అందిన 65 వాట్ల అడాప్టర్ తగిలిస్తే, ల్యాప్‌టాప్ వెలుగుతుందిగానీ పరుగెత్తమంటే నడుస్తుంది.