వార్తల్లో పదం: 969

బుద్ధుడికి 9, ధర్మానికి 6, సంఘానికి 9 గుణాలు. మయన్మార్‌లో ఈ పవిత్ర సంఖ్యను బౌద్ధుల దుకాణాలకు స్టిక్కర్లుగా అంటించి, ముస్లింల దగ్గర కొనొద్దన్నారు. విరాతు అనే భిక్షువు ఈ 969 ఉద్యమానికి పెద్ద గొంతుగా నిలిచాడు. ఇది బౌద్ధం కాదు, ఒట్టి రాజకీయం అంటారు చాలామంది. మూలబోధ వరకు నిజమే: పోరులో చచ్చిన యోధుడికి స్వర్గం దక్కుతుందా అని అడిగితే, చంపాలన్న తలపుతో పోరాడినవాడికి నరకమే అని బుద్ధుడు చెప్పినట్టు పాళీ బౌద్ధ గ్రంథమైన సంయుత్త నికాయంలో ఉంది. అయితే శ్రీలంక బౌద్ధ చరిత్రకావ్యం మహావంశం సంగతేమిటి? యుద్ధంలో చంపినవారిని తలచుకుని కుమిలిపోతున్న దుట్ఠగామణి రాజుతో అర్హతులు (నిర్వాణం పొందిన భిక్షువులు), చచ్చిన మనుషులు ఒకటిన్నర మందేనని, మిగతావారు పశువులతో సమానమని అంటారు. త్రిశరణాలూ పంచశీలాలూ స్వీకరించినవాడు ఒకడు, త్రిశరణాలు మాత్రమే స్వీకరించినవాడు సగం! మయన్మార్‌లోని రోహింగ్యా ముస్లింలపై సైనిక దాడుల కాలంలో, 2017 అక్టోబరులో, సితగు సయాడా అనే పెద్ద భిక్షువు సైనికాధికారులకు వినిపించిన కథ ఇదే. శీలం చెప్పాల్సిన నోరే హత్యకు ఊరటనిచ్చినప్పుడు, తప్పు రాజకీయానిదని తప్పించుకోవడం కుదరదు.