వార్తల్లో పదం: గ్రాంట్ థార్న్‌టన్ ఇన్విటేషనల్

అమెరికాలో పురుషుల పీజీఏ టూర్, మహిళల ఎల్పీజీఏ టూర్ క్రీడాకారులు జంటలుగా ఆడే వార్షిక గోల్ఫ్ టోర్నీ ఇది. 2023లో మొదలైంది. డిసెంబరులో, ఫ్లోరిడాలోని నేపుల్స్‌లో జరుగుతుంది.

ఆహ్వానం అందిన 16 జంటలే బరిలో ఉంటాయి. మూడు రోజులు, 54 హోల్స్. అసలు రుచి ఆట తీరులో ఉంది. తొలిరోజు స్క్రాంబుల్: ఇద్దరూ కొడతారు, మెరుగ్గా పడ్డ బంతి దగ్గర నుంచే ఇద్దరూ మళ్లీ ఆడతారు. రెండోరోజు ఫోర్‌సమ్స్: ఒకటే బంతి, వంతులవారీగా కొట్టాలి. చివరిరోజుది మరీ చిత్రం. టీ షాట్ (హోల్‌లో తొలి షాట్) కాగానే బంతులు మార్చుకుంటారు. భాగస్వామి కొట్టిన బంతితోనే ఆ హోల్ పూర్తిచేయాలి. ఇద్దరిలో తక్కువ స్కోరే లెక్క. జోడీ కుదరకపోతే ఒక్కరి ప్రతిభ చాలదన్నమాట.

పురుషుల, మహిళల గోల్ఫ్‌లో ప్రైజ్‌మనీ తేడా ఎక్కువ. ఇక్కడ జంటలో ఇద్దరికీ సమాన వాటా. అందుకే ఈ పేరు గోల్ఫ్ అభిమానులను దాటి వినిపిస్తోంది. తొలి విజేతలు జేసన్ డే, లిడియా కో. తెలుగు మూలాలున్న సాహిత్ తీగల కూడా ఆ ఏడాది రోజ్ జాంగ్‌తో కలిసి ఆడాడు.