చిల్లుల మూత

స్పేస్‌లో ఎలాగూ చలే కదా, టెలిస్కోప్‌కి మళ్ళీ కూలింగ్ ఎందుకు అని నేనూ అనుకున్నాను. కానీ యూరప్ వాళ్ళ హెర్షెల్ చూసేది ఫార్ ఇన్‌ఫ్రారెడ్, అంటే వేడినే. తన ఒంటి వేడే తన కంటికి అడ్డం. అందుకే 2009లో దాన్ని పంపేటప్పుడు 2,300 లీటర్లకు పైగా ద్రవ హీలియం పెద్ద ఫ్లాస్కులో నింపి పంపారు.

హీలియం మెల్లగా ఆవిరవుతూ వేడిని పట్టుకుపోతుంది, మన మంచినీళ్ళ కుండలాగే. చిక్కంతా ఆ ఆవిరిని వదలడంలోనే. కుక్కర్‌లో అయితే నీళ్ళు అడుగున, ఆవిరి పైన. అక్కడ పైనా కిందా లేవు. విజిల్ ఎక్కడ పెట్టినా ద్రవమే బయటికి తన్నుకు రావచ్చు. పైగా 2.17 కెల్విన్ కంటే చల్లబడితే హీలియం సూపర్‌ఫ్లూయిడ్ అయిపోతుంది. జిగట ఉండదు, కంటికి కనపడని రంధ్రాల్లోంచి కూడా జారిపోతుంది.

మరి దానికి పెట్టిన మూత ఏంటో తెలుసా? సన్నటి రంధ్రాలున్న బిళ్ళ! చదివి నవ్వొచ్చింది. తర్వాత లాజిక్ అర్థమైంది. సూపర్‌ఫ్లూయిడ్‌కి చల్లని వైపు నుంచి వెచ్చని వైపుకి పోయే గుణం ఉంది. బిళ్ళ బయటి వైపు హీలియం శూన్యంలోకి ఆవిరవడంతో ఆ వైపు ఇంకాస్త చల్లబడుతుంది. లోపలి వైపే వెచ్చన. దాంతో ద్రవం వెనక్కే లాగబడుతుంది, ఆవిరి మాత్రం బయటికి పోతుంది. కదిలే పార్ట్ ఒక్కటీ లేదు. బగ్‌నే ఫీచర్ చేశారన్నమాట!

ఎంత పొదుపుగా వాడినా ట్యాంకు ట్యాంకే. 2013 ఏప్రిల్ 29న హెర్షెల్‌లో హీలియం అయిపోయింది. అద్దం అలాగే ఉంది, రేడియో పలుకుతూనే ఉంది. జూన్ 17న చివరి కమాండ్ పంపి ఆపేశారు.