పదహారణాల కంప్యూటరు

పిల్లలూ! మీలో చాలామందికి కంప్యూటరు మీద ఆటలాడాలని సరదాగా ఉంటుంది. కొనిపెట్టే అమ్మానాన్నలకేమో ఖర్చంటే భయంగా ఉంటుంది. సరదా తప్పు కాదు, భయమూ తప్పు కాదు. ఈ రెండింటికీ పొత్తు ఎలా కుదిరిందో, మా ఇంట్లో జరిగిన సంగతి చెబుతాను.

2024 వేసవిలో మా చిన్న మనవడు పదో తరగతి పాసయాడు. వాళ్ళమ్మ తన చీటీ డబ్బు 60,000 రూపాయలు వాడికి చూపించి, "ఇంతే. ఇంకో రూపాయి అడగకూడదు. కాలేజీ ఫీజు కట్టుకోవాలి," అన్నది. మానిటరు, కీబోర్డు, మౌసు ఇంట్లోనే ఉన్నాయి. మిగిలిన భాగాలు విడివిడిగా కొని, పెట్టెలో బిగించుకోవాలని వాడి ఆలోచన.

వాడు నాలుగు రోజులు కూర్చుని ఒక జాబితా రాసి నా దగ్గిరికి తెచ్చాడు. అందులో గ్రాఫిక్సు కార్డుకే 36,000 పోయింది. మిగిలిన 24,000లో తక్కినవన్నీ ఎలాగో ఇరికించాడు. పవర్ సప్లైకి 1,200 మాత్రం రాశాడు.

ఆ 1,200 చూడగానే నా గుండె ఝల్లుమన్నది. ఎందుకంటే, 2019లో పెద్ద మనవడికి కంప్యూటరు కొన్నప్పుడు నేను అచ్చంగా అదే పని చేశాను. పేరు కూడా సరిగా లేని పవర్ సప్లై తీసుకుని, 1,500 రూపాయలు మిగిలాయని సంబరపడ్డాను. ఎనిమిది నెలలు తిరక్కుండానే, ఒక మధ్యాహ్నం అది టప్పుమని పేలింది. గది నిండా కాలిన వాసన. అది పోతూ పోతూ మదర్‌బోర్డును కూడా చెడగొట్టింది. 1,500 ఆదా చేసినందుకు 9,000 వదిలింది.

"ఒరేయ్, ముందు ఎవరు ఏ పని చేస్తారో తెలుసుకుందాం. ఎవరికెంత ఇవ్వాలో తరవాత తేలుద్దాం," అన్నాను మనవడితో.

ఎవరి పని ఏమిటి?

ఆటలో మనకు కనిపించేది కూడా సినిమాలాగే ఒకదాని వెంట ఒకటిగా వచ్చే బొమ్మల వరసే. ఐతే సినిమాలో బొమ్మలు ముందే తీసి ఉంటాయి. ఆటలో అవి ముందుగా ఉండవు. మీరు మీట నొక్కిన దాన్నిబట్టి అప్పటికప్పుడు తయారు కావాలి.

ఇప్పుడొక చిన్న లెక్క. మామూలు మానిటరులో అడ్డంగా 1,920, నిలువుగా 1,080 చుక్కలుంటాయి. హెచ్చవేస్తే 20,73,600 చుక్కలు. ఆట నునుపుగా కనిపించాలంటే సెకండుకు 60 బొమ్మలైనా కావాలి. అంటే ఒక్క సెకండులో 12,44,16,000 చుక్కలకు రంగు వెయ్యాలన్నమాట!

ఈ పని ఎలా జరుగుతుందో తెలియాలంటే కంప్యూటరును ఒక బడి అనుకోండి.

ప్రాసెసరు పంతులుగారు. మనిషి ఎటు నడిచాడు, బంతి ఎక్కడ పడింది, గోడ అడ్డం వచ్చిందా లేదా అని నిర్ణయించేది ఆయనే. గ్రాఫిక్సు కార్డు తరగతిలోని పిల్లలు. పంతులుగారు చెప్పిన బొమ్మకు, తలా కొన్ని చుక్కలు పంచుకుని, అందరూ ఒకేసారి రంగులు వేస్తారు. మేము చివరకు కొన్న రైజెన్ 5 5600 ప్రాసెసరులో కోర్లు 6. అంటే ఆరుగురు పంతుళ్ళు. ఆర్.ఎక్స్. 6600 అనే గ్రాఫిక్సు కార్డులో లెక్కలు చేసే చిన్న చిన్న విభాగాలు 1,792. అంటే 1,792 మంది పిల్లలు. పంతుళ్ళు కష్టమైన లెక్కలు చెయ్యగలరు. పిల్లలకు తేలిక లెక్కలే వచ్చుగాని, వారి సంఖ్య పెద్దది.

ర్యామ్ వారి ముందున్న బల్ల. ఇప్పుడు కావలసినవన్నీ దాని మీద పరుచుకోవాలి. ఎస్.ఎస్.డి. పుస్తకాల బీరువా. ఆట మొత్తం అందులో దాగి ఉంటుంది. బల్ల చిన్నదైతే మాటిమాటికీ బీరువా దగ్గిరికి పరిగెత్తాలి, ఆట తట్టుకుంటూ నడుస్తుంది. మదర్‌బోర్డు బడి భవనం. పవర్ సప్లై మధ్యాహ్న భోజనం వండే వంటశాల. వంటశాలకు నిప్పంటుకుంటే ఎంత గొప్ప బడి అయినా ఏం లాభం?

అందరికన్నా నిదానం ఎవరు?

"బొమ్మలు గీసేది కార్డే గదా తాతయ్యా! డబ్బంతా దానికే పెడితే తప్పేమిటి?" అన్నాడు మనవడు.

మంచి ప్రశ్నే. పిల్లలు సెకండుకు 100 బొమ్మలకు రంగు వెయ్యగలరనుకోండి. కాని పంతులుగారు 40 బొమ్మలకే లెక్క తేల్చగలిగితే, తెర మీదికి వచ్చేవి 40 బొమ్మలే. మిగిలిన 60 బొమ్మల శక్తికి పెట్టిన డబ్బు గోడకు కొట్టిన సున్నమే. పంతులుగారు చురుకైనవారై, పిల్లలు మందకొడివాళ్ళైనా ఇంతే. అందుచేత ఒక్క భాగాన్ని గొప్పగా కొనటంకన్నా, అన్నీ ఒకదానికొకటి ఈడుజోడుగా ఉండేటట్టు కొనటం తెలివి.

మీ ఇంట్లో ఆటలాడే కంప్యూటరు ఇదివరకే ఉంటే, అందులో ఎవరు నిదానమో కానీ ఖర్చు లేకుండా కనిపెట్టవచ్చు. చాలా ఆటల్లో సెకండుకు ఎన్ని బొమ్మలు వస్తున్నాయో చూపించే ఏర్పాటు ఉంటుంది. వాటి సంఖ్య మీద కట్టుబాటు ఏదన్నా పెట్టి ఉంటే ముందు తీసెయ్యండి. తరవాత తెరను 1,920 × 1,080 నుంచి 1,280 × 720కు మార్చండి. రంగు వెయ్యవలసిన చుక్కలు సగానికి లోపు అయిపోతాయి. అప్పుడు బొమ్మల సంఖ్య బాగా పెరిగిందా, నిదానం గ్రాఫిక్సు కార్డుది. పెరగలేదా, నిదానం చాలావరకు ప్రాసెసరుదే. మార్చవలసిన భాగం ఏదో తెలియకుండా డబ్బు తియ్యకండి.

అణాల లెక్క

పూర్వం రూపాయికి పదహారు అణాలు. 1957లో నయాపైసలు వచ్చేదాకా లెక్కలన్నీ అణాలలోనే జరిగేవి. మేము మా డబ్బును అలాగే పదహారు భాగాలు చేశాం. 60,000లో ఒక అణా అంటే 3,750 రూపాయలు.

గ్రాఫిక్సు కార్డుకు 6 అణాలు. ప్రాసెసరుకు 3 అణాలు. మదర్‌బోర్డుకు 2 అణాలు. ర్యామ్, ఎస్.ఎస్.డి., పవర్ సప్లై, పెట్టె — ఈ నాలుగింటికీ తలా ఒక అణా. మొత్తం 15 అయింది. మిగిలిన అణా ధరలు అటూ ఇటూ అయితే ఉంటుందని చేతిలో పెట్టుకున్నాం.

ఆ అణా ఎందుకో వినండి. 2025 చివరి నెలల్లో మెమరీ ధరలు బాగా పెరిగాయి. అలాంటప్పుడు ర్యామ్‌కు ఒక అణా ఏ మూలకూ చాలదు. చేతిలో అణా లేనివాడు పవర్ సప్లైలోనే కోత పెడతాడు!

ఈ వాటాలు శిలాశాసనం కాదు. దుకాణానికి వెళ్ళే రోజున ధరలు చూసుకుని మళ్ళీ వేసుకోవాలి. ఐతే వెయ్యటం మాత్రం ముందు వెయ్యాలి.

పేరు చూసి మోసపోకండి

ఒక ఆదివారం తాతామనవలం సికిందరాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు వెళ్ళాం. అక్కడ అంతస్తంతస్తునా కంప్యూటరు దుకాణాలే. నాలుగు చోట్ల ధరలు రాసుకున్న తరవాతనే డబ్బు తీశాం. ప్రతి చోటా నాలుగు విషయాలు చూశాం.

మొదటిది, అసలు ఒకదానిలో ఒకటి ఇముడుతుందా? రైజెన్ 5 5600 ఏ.ఎమ్.4 అనే గూటిలోనే కూర్చుంటుంది. దానికి డి.డి.ఆర్.4 ర్యామ్ కావాలి. 2022లో వచ్చిన ఏ.ఎమ్.5 గూటికి డి.డి.ఆర్.5 తప్ప పనికిరాదు. ఈ రెండు రకాల ర్యామ్‌కూ గాటు వేరు వేరు చోట్ల ఉంటుంది. బలవంతంగా నొక్కితే విరగటమే.

రెండోది, పేరులోని అక్షరాలు. ఇంటెల్ ప్రాసెసరు అంకె చివర 'ఎఫ్' ఉంటే దానిలో సొంత గ్రాఫిక్సు లేదని అర్థం. వేరే కార్డు లేకుండా దాన్ని కొంటే తెర మీద ఏమీ కనిపించదు.

మూడోది, ఒకే పేరుతో ఉండే రెండు సరుకులు. 2017లో జి.టి. 1030 అనే చిన్న కార్డు వచ్చింది. 2018లో అదే పేరుతో, నిదానమైన మెమరీతో ఇంకొకటి వచ్చింది. మొదటి దాని మెమరీ సెకండుకు 48 గిగాబైట్లు అందిస్తే, రెండో దానిది 17 కూడా అందించదు. పేరొక్కటే చూసి కొన్నవాడి గతి ఏమిటి?

నాలుగోది, కరెంటు లెక్క. మేము ఎంచిన కార్డు 132 వాట్లు వాడుకుంటుంది. ప్రాసెసరుకు 65 అని రాసి ఉన్నా, గట్టిగా పని చేసేటప్పుడు కొంచెం ఎక్కువే తీసుకుంటుంది గనక 90 వేసుకున్నాం. తక్కినవాటికి 50. మొత్తం 272. పాత రకం సీలింగు ఫ్యాన్లు నాలుగు తిరిగినంత కూడా కాదు. ఐనా అంచుకు అంటేటట్టు కొనరాదు. పేరున్న కంపెనీది, 550 వాట్లది తీసుకున్నాం. దాని మీద '80 ప్లస్' గుర్తు ఉన్నది. లోపలికి తీసుకున్న కరెంటులో నూటికి 80 పాళ్ళన్నా వృథా చెయ్యకుండా అందిస్తుందని ఆ గుర్తుకు అర్థం. అది ఒక్కటే చాలదు, వారంటీ ఎన్నేళ్ళో కూడా అడగాలి.

ర్యామ్ 16 గిగాబైట్లు తీసుకున్నాం. ఒకే ముక్కగా కాక, 8 చొప్పున రెండు ముక్కలు. రెండు ద్వారాలుంటే జనం త్వరగా నడిచినట్టే, రెండు ముక్కలుంటే సమాచారం త్వరగా నడుస్తుంది. రంగురంగుల దీపాలున్న పెట్టె మాత్రం మావాడు కళ్ళప్పగించి చూసి, వదిలేశాడు. దీపాలవల్ల ఒక్క బొమ్మ కూడా ఎక్కువ రాదు.

ఇంత డబ్బు లేకపోతే?

అందరి ఇళ్ళలోనూ 60,000 ఉండవు. దానికి సిగ్గుపడవలసిన పని లేదు. సొంత గ్రాఫిక్సు ఉన్న ప్రాసెసర్లు కద్దు. 2021లో వచ్చిన రైజెన్ 5 5600జి అలాంటిది. ముందు దానితో కంప్యూటరు కట్టుకుంటే పాత ఆటలూ, తేలిక ఆటలూ ఆడుకోవచ్చు, చదువూ సాగుతుంది. మంచి పవర్ సప్లై మొదటే కొని ఉంచుకుంటే, డబ్బు కూడినప్పుడు గ్రాఫిక్సు కార్డు తెచ్చి తగిలించుకోవచ్చు. అప్పు చేసి కొన్న కార్డుకన్నా, ఆగి కొన్న కార్డు మేలు.

మరి మా ఇంట్లో ఏమైందంటారా? ఆ రాత్రే మేమిద్దరం భాగాలన్నీ బిగించాం. చేతిలో స్థిరవిద్యుత్తు ఉంటే భాగాలు చెడతాయి గనక, ముందు లోహపు పెట్టెను ముట్టుకుని మరీ మొదలుపెట్టాం. మొదటిసారి మీట నొక్కితే తెర వెలగలేదు. మనవడి మొహం పాలిపోయింది. నాకు 2019 జ్ఞాపకం వచ్చింది. ఐతే ఒక ర్యామ్ ముక్క గాటులో పూర్తిగా కూర్చోలేదు, అంతే. సరిగా నొక్కి పెట్టగానే తెర వెలిగింది. వాళ్ళమ్మ వచ్చి చూసి, "మిగిలిందేమన్నా ఉందా?" అని అడిగింది. వాడు లెక్క కాగితంతో సహా 2,150 రూపాయలు ఆమె చేతిలో పెట్టాడు. ఆ కాగితాన్ని ఆమె ఇంకా దాచుకునే ఉన్నది.

ఇప్పుడు మీకొక లెక్క. మీ దగ్గిర 48,000 రూపాయలున్నాయి. ఒక అణా ఎంత? గ్రాఫిక్సు కార్డుకు ఎంత? పవర్ సప్లైకి ఎంత? కాగితం మీద వేసి, అమ్మకో నాన్నకో చూపించండి.

(జవాబు: 3,000; 18,000; 3,000.)