గౌరవం వేరు, పెత్తనం వేరు

1662లో వర్జీనియా వలస పాలకులు చేసిన ఒక చట్టం, నల్లజాతి స్త్రీకి పుట్టిన బిడ్డ బానిస అవునా కాదా అన్నది తల్లి స్థితిని బట్టే తేలాలని శాసించింది. సంతానానికి తండ్రి వంశమే ఆధారమనే ఇంగ్లండు సంప్రదాయాన్ని నల్లవారి విషయంలో మాత్రం ఇలా తలకిందులు చేయడం వల్ల, బానిస స్త్రీలకు తమవల్ల పుట్టిన పిల్లలు కూడా యజమానులకు ఆస్తిగానే మిగిలారు. నల్లజాతి పురుషుడి పితృత్వానికి చట్టం దృష్టిలో విలువే లేకుండా పోయింది. బానిసల పెళ్లికి గుర్తింపు లేదు, ఆలుబిడ్డలను ఏ రోజైనా వేలంలో అమ్మివేయవచ్చు. ఇల్లు, ఆస్తి, ఇంటిపేరు, కుటుంబ రక్షణ అనే ప్రమాణాలతో మగవాడిని కొలిచే సమాజం, వాటన్నిటినీ నల్లవాడికి నిషేధించి, అతని ఒంట్లోని సత్తువను మాత్రం చివరి చుక్క దాకా పిండుకుంది. సహవాసి అనువాదం ‘ఏడుతరాలు’ ద్వారా తెలుగువారికి ఆప్తుడైన కుంటా కింటేను, పారిపోతూ నాలుగోసారి దొరికినప్పుడు, మగతనం పోగొట్టుకుంటావా పాదం పోగొట్టుకుంటావా తేల్చుకోమని బానిసల వేటగాళ్లు బెదిరించే ఘట్టం అలెక్స్ హేలీ నవలలో ఉంది. అమెరికాలో నల్లజాతి పురుషత్వాన్ని గురించిన ఏ చర్చకైనా ఈ హింసే పునాది.

బానిసత్వం రద్దయ్యాక ఆ పురుషుడి మీద మరో ముద్ర పడింది. అంతవరకూ ఎదగని పిల్లవాడిగా చిత్రించిన వాడినే, స్వేచ్ఛ రాగానే తెల్లజాతి స్త్రీల మానానికి ముప్పు తెచ్చే మృగంగా ప్రచారం చేసి, విచారణ లేకుండా మూకలు ఉరితీయడానికి దాన్నే సాకుగా వాడుకున్నారు. 1892లో మెంఫిస్ నగరంలో, తెల్లవాడి కొట్టుకు పోటీగా కిరాణా దుకాణం నడుపుతున్న తన మిత్రులు మూకహత్యకు గురైనప్పుడు, పాత్రికేయురాలు ఐడా బి. వెల్స్ ఆ సాకులోని బూటకాన్ని సాక్ష్యాలతో బయటపెట్టింది. ప్రతిఫలంగా ఆమె పత్రిక కార్యాలయాన్ని ధ్వంసం చేశారు. 1955లో మిసిసిపీలో తెల్లజాతి స్త్రీ పట్ల హద్దు మీరాడన్న నెపంతో చంపేసిన ఎమెట్ టిల్ వయసు 14 ఏళ్లు.

అదే మెంఫిస్‌లో 1968 ఫిబ్రవరి 1న, వాన పడుతుంటే చెత్త లారీ వెనుక భాగంలో తలదాచుకున్న ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్ అనే ఇద్దరు పారిశుద్ధ్య కార్మికులు, చెత్తను నొక్కే యంత్రం ఉన్నట్టుండి కదలడంతో నలిగి చనిపోయారు. దాదాపు 1,300 మంది నల్లజాతి కార్మికులు సమ్మెకు దిగి, ‘ఐ యామ్ ఎ మ్యాన్’ అని రాసిన అట్టలు పట్టుకుని, తుపాకులు పట్టిన సైనికుల ముందు వరుసగా నడిచారు. జుట్టు నెరిసినా ‘బాయ్’ అని పిలిపించుకున్నవారు, ఆకలి తీరని కూలికి అందరి చెత్తా మోసినవారు, తమ పెద్దరికాన్ని గుర్తించమని అడిగిన గొంతు అది. వారికి అండగా వచ్చిన మార్టిన్ లూథర్ కింగ్ ఏప్రిల్ 4న అక్కడే హతుడయ్యాడు. ఇరవయ్యో శతాబ్దపు కార్మికోద్యమాల్లో ఇంత సూటిగా, ఇంత నిబ్బరంగా మానవ గౌరవాన్ని కోరిన సందర్భాలు అరుదు.

అయితే ఆ గౌరవం ఏ రూపంలో దక్కాలన్నదే చిక్కుప్రశ్న. 1965లో కార్మికశాఖ అధికారి డేనియల్ మొయినిహాన్ రాసిన నివేదిక, నల్లజాతి కుటుంబాల్లో దాదాపు నాలుగో వంతుకు స్త్రీలే పెద్దదిక్కుగా ఉన్నారని చెప్పి, ఆ తల్లుల ఆధిపత్యాన్ని ఒక జాడ్యంగా చూపింది. బానిసత్వం, నిరుద్యోగం చేసిన గాయాలను ఆ నివేదిక విస్మరించలేదు. కానీ మగవాడికి ఇంటి మీద పెత్తనం దక్కడమే వాటికి మందన్నట్టు మాట్లాడి, రెండు చేతులా కష్టపడి పిల్లలను నిలబెట్టిన స్త్రీని దోషిని చేసింది. పౌరహక్కుల ఉద్యమం లోపలా ఆ ఛాయలే కనిపిస్తాయి. 1963 ఆగస్టు 28 నాటి వాషింగ్టన్ ప్రదర్శనలో ప్రధాన ప్రసంగం చేసే అవకాశం ఒక్క స్త్రీకీ దక్కలేదు. ఆ ప్రదర్శనకు రూపశిల్పి అయిన బేయార్డ్ రస్టిన్ స్వలింగ ప్రేమికుడు కావడంతో, ప్రత్యర్థులు సెనేట్‌లోనే అతన్ని దూషించారు, సొంతవారిలో కొందరు అతన్ని తెర వెనుకే ఉంచాలని చూశారు. దేశ అత్యున్నత పౌర పురస్కారం 2013లో, మరణానంతరం, అతనికి దక్కింది.

యజమాని పోతపోసిన అచ్చులోనే తమ మగతనాన్నీ పోసుకోవడం విముక్తి కాదని స్పష్టంగా చెప్పినవారు నల్లజాతి స్త్రీలు. హారియట్ టబ్‌మన్ 1863లో 700 మందికి పైగా బానిసలను విడిపించిన దాడికి వేదికైన నది పేరు పెట్టుకున్న కొంబాహీ రివర్ కలెక్టివ్ అనే బోస్టన్ బృందం, 1977 నాటి ప్రకటనలో, జాతి, వర్గ, లింగ పీడనలు ఒకదానితో ఒకటి పెనవేసుకునే ఉంటాయని వివరించింది. నల్లజాతి పురుషుల పెత్తనాన్ని ప్రశ్నిస్తూనే, జాతి వివక్ష మీద పోరులో వారితో కలిసే ఉంటామని తేల్చిచెప్పింది. ఈ రెండో మాటను విమర్శకులు తరచు మరిచిపోతారు. ఆ ఆలోచనకే 1989లో న్యాయశాస్త్రవేత్త కింబర్లీ క్రెన్‌షా ‘ఇంటర్‌సెక్షనాలిటీ’, అంటే పలు పీడనలు ఒకే మనిషి మీద కలిసి పనిచేసే తీరు, అనే పేరు పెట్టింది. బ్లాక్ పాంథర్ పార్టీ నాయకుడు హ్యూయీ న్యూటన్ అంతకుముందే, 1970లో, స్త్రీల పట్ల, స్వలింగ ప్రేమికుల పట్ల తమలో దాగిన భయాలను పరీక్షించుకోమని సహచరులను కోరాడు.

ఆ భయాల రూపాన్ని పరిశోధకులు రిచర్డ్ మేజర్స్, జానెట్ బిల్సన్ 1992లో ‘కూల్ పోజ్’ పేరుతో విశ్లేషించారు. ఏ దెబ్బకూ చలించనట్టు, దేనినీ లెక్కచేయనట్టు కనబడే నడక, చూపు, మౌనం అన్నీ కలిసిన భంగిమ అది. పోలీసు ముందు, యజమాని ముందు మనసును బయటపెట్టకపోవడం ప్రాణరక్షణ అయిన చోట ఆ కవచం సహజంగానే పుడుతుంది; దాన్ని తప్పుపట్టే హక్కు బయటివారికి లేదు. కానీ వీధిలో కాపాడిన కవచం ఇంట్లో భార్యకూ బిడ్డకూ అడ్డుగోడ అవుతుంది, దుఃఖాన్ని చెప్పుకునే దారిని మూసేస్తుంది. నల్లజాతి పురుషులపై 2004లో ప్రత్యేకంగా ఒక పుస్తకం రాసిన రచయిత్రి బెల్ హుక్స్, పితృస్వామ్య పురుషత్వం వారినే లోలోపల గాయపరుస్తోందని వాదించింది. మయామీలోని లిబర్టీ సిటీలో పెరిగే ఒక పిల్లవాడి ఆ గాయాన్నే కథగా తీసుకున్న ‘మూన్‌లైట్’ 2017లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ అందుకోవడం చిన్న విషయం కాదు.

మార్పు వెండితెరకే పరిమితం కాలేదు. అమెరికా జాతీయ ఆరోగ్య గణాంకాల కేంద్రం 2013లో ప్రచురించిన సర్వేలో, ఐదేళ్లలోపు పిల్లలతో కలిసి ఉంటున్న నల్లజాతి తండ్రుల్లో 70 శాతం మంది వారికి స్నానం చేయించడం, బట్టలు వేయడం వంటి పనులు రోజూ చేస్తున్నామన్నారు. తెల్లజాతి తండ్రుల్లో ఇది 60 శాతం. బాధ్యత లేని తండ్రి అనే శతాబ్దాల నింద ముందు ఈ అంకెను పెట్టి చూడాలి. ప్రజాజీవితంలోనూ ఈ మార్పు కనిపిస్తుంది. 1995లో పది లక్షల మంది పురుషుల ప్రదర్శన పేరిట నల్లజాతి నాయకుడు లూయీ ఫరాఖాన్ వాషింగ్టన్‌కు పిలుపునిచ్చినప్పుడు స్త్రీలను ఇంటి దగ్గరే ఉండమన్నారు. కానీ 2014లో అధ్యక్షుడు ఒబామా నల్లజాతి, ఇతర మైనారిటీ మగపిల్లల కోసం ‘మై బ్రదర్స్ కీపర్’ అనే కార్యక్రమాన్ని ప్రారంభించినప్పుడు, అవే బడుల్లో, అవే పేటల్లో పెరుగుతున్న ఆడపిల్లలను ఎందుకు విడిచిపెట్టారని అడుగుతూ, వారినీ చేర్చాలని కోరుతూ 200 మంది నల్లజాతి పురుషులు బహిరంగ లేఖ మీద సంతకాలు చేశారు.