మూడో వంతు ఆవేశం: ఎలక్ట్రాను ముక్కలైందా?

స్వేచ్ఛగా తిరిగే ఏ కణం ఆవేశమైనా ఎలక్ట్రాను ఆవేశానికి పూర్ణాంక గుణిజంగానే ఉంటుందని మీరు పాఠాల్లో చదువుకున్నారు. (క్వార్కుల మాట వేరు, అవి విడిగా దొరకవు.) మరి అందులో మూడో వంతు ఆవేశం ప్రయోగశాలలో కనిపించిందంటే ఏమనుకోవాలి?

1879లో ఎడ్విన్ హాల్ ఒక పలుచని బంగారు రేకులో కరెంటు పంపి, రేకుకు లంబంగా అయస్కాంత క్షేత్రాన్ని పెట్టాడు. రేకు రెండు అంచుల మధ్య అడ్డంగా వోల్టేజి ఏర్పడింది. దాన్ని కరెంటుతో భాగిస్తే వచ్చేది హాల్ నిరోధం. క్షేత్రాన్ని పెంచుతూ పోతే ఇదీ క్రమంగా పెరగాలి. కాని 1980లో క్లాస్ ఫాన్ క్లిట్జింగ్ సిలికాన్ పరికరంలోని ఎలక్ట్రాన్ల పలుచని పొరను బాగా చల్లబరిచి కొలిస్తే మెట్లు కనిపించాయి. 25,812.8 ఓములను పూర్ణాంకాలతో భాగిస్తే వచ్చే విలువలే ఆ మెట్లు. పదార్థంలో మలినాలున్నా అవి మారవు.

1982లో బెల్ ప్రయోగశాలలకు చెందిన త్సుయి, స్టోర్మర్, గొస్సార్డ్ గాలియం ఆర్సెనైడ్‌లో, సుమారు 15 టెస్లాల క్షేత్రంలో, 77,438 ఓముల దగ్గర కొత్త మెట్టును చూశారు. అంటే భాజకం 1/3!

ఒక్కొక్క ఎలక్ట్రానును విడిగా లెక్కిస్తే ఈ మెట్టు రాదు. అంత క్షేత్రంలో వాటి గతిశక్తులన్నీ సమానమైపోతాయి, ఇక మిగిలేది పరస్పర వికర్షణే. అందుకని అవన్నీ ఒకదాన్నొకటి తప్పించుకుంటూ కొత్తరకం ద్రవంగా మారతాయని 1983లో లాఫ్లిన్ చెప్పాడు. ఆ ద్రవంలో ఒక్కో ఎలక్ట్రానుకు మూడు అయస్కాంత అభివాహ క్వాంటాలుంటాయి. అదనంగా ఒక్క క్వాంటం చొప్పిస్తే, ఆ చోట ఎలక్ట్రాను ఆవేశంలో మూడో వంతు లోటు పడుతుంది. ఆ లోటే ఒక కణంలా కదులుతుంది. “అయితే ఎలక్ట్రాను విరిగిందా, మాస్టారూ?” అని తరగతిలో ఎప్పుడూ అడుగుతారు. లేదు. ఏ ఎలక్ట్రానూ విరగలేదు, గుంపు మొత్తం కలిసి చేసిన పని ఇది. 1997లో ఫ్రాన్స్, ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు కరెంటులోని సన్నని రొదను కొలిచి మూడో వంతు ఆవేశాన్ని నిర్ధారించారు. 1998 నోబెల్ బహుమతి లాఫ్లిన్, స్టోర్మర్, త్సుయిలకు దక్కింది.

తర్వాత 2/5, 3/7 వంటి మెట్లూ బయటపడ్డాయి. వాటన్నిటికీ ఒకే సూత్రం ఇచ్చినవాడు భారతదేశంలో పుట్టిన జైనేంద్ర జైన్ (1989). ప్రతి ఎలక్ట్రానూ రెండు అభివాహ క్వాంటాలను తగిలించుకుని తిరుగుతుందనుకోండి. 2/5 దగ్గర రెండు ఎలక్ట్రాన్లకు అయిదు క్వాంటాలు. నాలుగు తగిలించుకోవడానికి పోగా మిగిలింది ఒకటి. రెండింటికి ఒకటి, అంటే క్లిట్జింగ్ చూసిన 2వ మెట్టే! 3/7కు మీరే లెక్క వేసి చూడండి.

2023లో అమెరికాలో మాలిబ్డినం డైటెల్యురైడ్ పొరలు రెండింటిని కొద్ది కోణంలో తిప్పి ఒకదానిపై ఒకటి పేర్చి, బయటి అయస్కాంతం లేకుండానే 2/3 మెట్టును చూశారు.