పడ్డా పలగని వాచీ ఎవల కోసం పుట్టింది?

మొన్న మా ఊరి చౌరస్తాల ఒక తమ్ముడు చెయ్యి జాపి తన వాచీ చూపెట్టిండు. నల్లగ, మణికట్టు నిండ ఉన్నది. నాలుగు దిక్కుల నాలుగు బటన్లు, నడుమ మూడు చిన్న గుండ్రాలు, అంచు పొడుగూత ఇంగ్లిష్ అక్షరాలు. "అన్నా, ఇది మిలిటరీ వాచీ. నీళ్లల్ల ఏసినా, బండకేసి కొట్టినా ఏం గాదు. నాలుగువందల యాభైకి ఆన్‌లైన్ల దొరికింది" అన్నడు. తీసుకొని చూసిన. నడుమ ఉన్న గుండ్రాలు ఉత్త బొమ్మలు, ముల్లు కదలనే కదలదు. రెండు బటన్లు ఒత్తితే లోపటికి పోవు. పది రోజులకు మళ్ల కలిసిండు. పొలానికి మందు కొట్టేటప్పుడు లోపటికి నీళ్లు జొచ్చినయట. అద్దం కింద ఆవిరి పట్టి అంకెలు కనవడతలేవు.

నేను నవ్వలే. నవ్వే హక్కు నాకు లేదు. ఇరవై ఏండ్ల కింద జాతరల రెండు వందల యాభై వెట్టి అసుంటిదే కొన్న. నాట్ల కాలం దాటకముందే అది సచ్చింది. ఆ రెండు వందల యాభై అప్పుడు నాకు మూడు దినాల కైకిలి పైసలు. అందుకే ఈ ముచ్చట రాస్తున్న. గట్టి వాచీ అంటే ఏంది, లోపట ఏముంటది, కంపెనోళ్లు చెప్పే మాటలల్ల మన నేల మీద ఏది పనికొస్తది, ఏది రాదు, మనకు తెలిసుండాలె.

ఒక్క వాక్యంతోని మొదలైంది

ఈ తీరు వాచీలకు పెద్దన్న జపాన్ కంపెనీ కాసియో చేసిన జీ-షాక్. దాన్ని తయారు చేసిన ఇంజినీరు పేరు కికువో ఇబే. ఇంటోళ్లు బహుమతిగ ఇచ్చిన వాచీ ఒక రోజు చేతి నుంచి జారి నేల మీద పడి ముక్కలైంది. వాచీ అంటే సున్నితమైన వస్తువు, పడితే పోయినట్టే అని అందరు అనుకునే కాలం అది. 1981ల ఆయన కంపెనీకి ఒకే ఒక్క వాక్యం రాసిచ్చిండు: కింద పడ్డా పలగని గట్టి వాచీ చేస్త అని. లెక్కలు లేవు, బొమ్మలు లేవు.

అప్పుడు ఆయన మనసుల ఉన్నది ఎవలో తెలుసా? రోడ్డు పని చేసే కూలీలు. తన ఆఫీసు ముంగట రోడ్డు తవ్వుతుంటే చూసిండు. మిషిన్లు పట్టుకొని నేల పలగగొడుతున్న ఒక్కరి చేతికి కూడ వాచీ లేదు. ఆ అదురుడుకు ఏ వాచీ నిలవదు గనుక ఎవలూ పెట్టుకోలే. ఈళ్ల చేతికి కూడ నిలిచే వాచీ కావాలె అనుకున్నడు. ఈ మాట యాదిలో పెట్టుకోండ్రి, చివరికి మళ్ల ఇక్కడికే వస్త.

లెక్క మూడు పదులు పెట్టుకున్నరు. పది మీటర్ల ఎత్తు నుంచి పడ్డా పలగొద్దు. పది బార్ల నీటి ఒత్తిడికి ఆగాలె. సెల్లు పదేండ్లు రావాలె. పరీక్ష జాగ ఏందంటే, కంపెనీ ప్రయోగశాల మూడో అంతస్తుల ఉన్న మరుగుదొడ్డి కిటికీ. అక్కడి నుంచి ఇడుసుడు, మెట్లు దిగి పోయి ముక్కలు ఏరుకొచ్చుడు. మొదటి నమూనా చుట్టూ రబ్బరు సుడితే బంతి అంత లావైంది, చేతికి పెట్టుకునేటట్టు లేదు. అన్ని వైపుల కాపాడితే లోపల ఏదో ఒక్కటి పలిగేది. దాన్ని బలంగ చేస్తే ఇంకొకటి పలిగేది. ఇట్ల దాదాపు రెండు వందల నమూనాలు పోయినయి. ఇగ ఇడిసిపెడుదామనుకున్న రోజు పార్కుల ఒక చిన్నపిల్ల రబ్బరు బంతి ఎగరేస్తుంటే చూసిండు. ఆ బంతి లోపట, నడుమ గాలిల వాచీ యంత్రం తేలుతున్నట్టు ఊహించుకున్నడు. అట్లయితే బయటి దెబ్బ లోపటికి చేరదు. గదీ ఉపాయం. 1983 ఏప్రిల్‌ల మొదటి మోడల్ డీడబ్ల్యూ-5000సీ బజార్లకు వచ్చింది.

లోపట ఏమున్నది

గట్టితనం అంటే మందంగ ఉండుడు కాదు. గా నాలుగువందల యాభై వాచీ కూడ మందంగనే ఉన్నది. అసలు వాచీల పెట్టెకు, యంత్రానికి నడుమ ఖాళీ ఉంటది. యంత్రం కొన్ని చిన్న జాగలల్లనే పెట్టెను తాకుతది, మిగతాదంత మెత్తటి దిండు మీద ఉన్నట్టు. ట్రాక్టర్ సీటు కింద స్ప్రింగు ఎట్ల పని చేస్తదో అట్లనే. బయటి నల్లటి చుట్టు అద్దం కంటే ఎత్తుగ ఉంటది. బోర్ల పడ్డా అద్దం నేలకు తాకదు. బెల్టు మొదట్ల వంకర గూడ అందం కోసం కాదు. పడ్డప్పుడు దెబ్బ మొదలు అది తీసుకుంటది. 2017ల దాదాపు 25 టన్నుల లారీని ఒక జీ-షాక్ మీదికెల్లి నడిపిస్తే, అది తట్టుకొని గిన్నిస్ రికార్డుల ఎక్కింది.

అయినా దానికి సావు లేదనుకోవద్దు. ఆ నల్లటి చుట్టు, బెల్టు ప్లాస్టిక్ తీరు రెసిన్‌తోని చేస్తరు. చెమట, ఎండ, తేమ తగిలి తగిలి కొన్నేండ్లకు పెళుసుబారి రాలిపోతది. మార్చుకునే భాగమే, కొనుక్కొని ఏసుకోవచ్చు. ఎక్కువ మోడళ్లకు మామూలు అద్దమే ఉంటది. గ్రానైట్ క్వారీల, ఇసుక పనిల గీతలు పడుతయి.

కంపెనీ మాట, మన నేల

ఇప్పుడు ఖరీదైన మోడళ్ల సంగతి చూద్దాం. రేంజ్‌మ్యాన్ అని 2013ల ఒకటి వచ్చింది. దిక్సూచి, ఎత్తు చూపుడు, గాలి ఒత్తిడి, వేడి, సోలార్, రేడియో సిగ్నల్ అన్నీ ఉంటయి. ఒక్కొక్కటి మన పనికి తూకమేద్దాం.

నీళ్లు: 200 మీటర్లు అని రాసి ఉంటే 200 మీటర్ల లోతుకు ఈత కొట్టొచ్చని కాదు. కదలకుండ నిలబడ్డ నీళ్ల ఒత్తిడితోని చేసిన పరీక్ష లెక్క అది. మనకు బాయిల ఈతకు, వానకు, మడిల నాట్లకు 100 మీటర్లదే మస్తు. ఉత్తగ వాటర్ రెసిస్ట్ అని, పక్కన అంకె లేకుంటే చేతులు కడిగినప్పుడు పడే చినుకులకే పనికొస్తది. నీళ్లల్ల ఉన్నప్పుడు బటన్లు ఒత్తొద్దు. ఇంకొక ముచ్చట, సెల్లు మార్చేటప్పుడు ఎనుక మూతకున్న రబ్బరు రింగు సక్కగ కూసోకపోతే 200 మీటర్ల వాచీ రెండు మీటర్లకు కూడ పనికిరాదు. దుకాణంల కూసొని, కండ్ల ముంగట ఆ రింగు చూసుకోండ్రి.

బురద: మామూలు మోడల్ బటన్ల సందుల బురద ఎండితే బటన్లు పట్టేస్తయి. మడ్‌మ్యాన్, మడ్‌మాస్టర్ అనే రకాలు దీని కోసమే చేసిన్రు. కానీ సాయంత్రం మంచినీళ్లతోని కడుక్కుంటే మామూలు మోడల్ కూడ ఏండ్లు నడుస్తది.

వేడి: ఇక్కడ జర జాగ్రత్త. వాచీ చూపే వేడి గాలిది కాదు. మీ చెయ్యి వేడి, ఎండకు కాలిన వాచీ వేడి కలిసి చూపెడుతది. గాలి వేడి తెలవాలంటే తీసి నీడకు పెట్టి ఇరవై ముప్పై నిమిషాలు ఆగాలె. ఎండదెబ్బ సంగతి అసలే చెప్పదు. ఉక్కపోతల చెమట ఆరదు, చెమట ఆరకుంటే ఒళ్లు సల్లవడదు. గా తేమ లెక్క ఈ వాచీల ఉండదు. తలకాయ తిరిగినా, చెమట ఆగిపోయినా, మాట తడవడినా వాచీ చూడొద్దు, నీడకు పోవాలె.

ఎత్తు, వాన: గాలి ఒత్తిడి లెక్కతోనే ఎత్తు చూపెడుతది. ముసురు పట్టి ఒత్తిడి తగ్గితే మీరు కూసున్న కాడనే ఎత్తు పెరిగినట్టు చూపిస్తది. ఒత్తిడి గీత మామూలుగ రెండు గంటలకోసారి నమోదైతది. ఎండకాలం మధ్యాహ్నం పుట్టే ఉరుముల మబ్బుకు అంత టైం పట్టదు. పొలంల పిడుగు భయం ఉన్నోళ్లకు పుణె వాతావరణ సంస్థ చేసిన దామిని యాప్ ఫోన్‌ల ఉంటే మేలు, పైస ఖర్చు లేదు.

రేడియో సిగ్నల్: టైం తనకు తానే సరిచేసుకుంటదని డబ్బా మీద రాసుంటది. ఆ సిగ్నల్ ఇచ్చే స్టేషన్లు జపాన్, చైనా, అమెరికా, బ్రిటన్, జర్మనీలల్ల ఉన్నయి. మన దేశంల ఈ వాచీలు పట్టుకునే అసుంటి స్టేషన్ లేదు. అంటే ఆ సౌలతుకు పైసలిచ్చి తెలంగాణల, ఆంధ్రల పెట్టుకుంటే దండుగే. గల్ఫ్‌కు పోయే అన్నలకు కూడ అంతే. ఫోన్‌కు కలిసే మోడలయితే ఫోన్ చూసి సరిచేసుకుంటది.

సోలార్: ఇది మనకు నిజంగ పనికొచ్చేది. ఎండకు మనకేం కరువు? మీదికెల్లి మూత ఇప్పే పని తగ్గుతది, నీళ్లు జొచ్చే భయం తగ్గుతది.

ఎంత పెట్టాలె?

నన్నడిగితే ఇది చెప్త. పొలం పని, సుతారి పని, బండి నడుపుడు చేసేటోళ్లకు రేంజ్‌మ్యాన్ అక్కర్లేదు, అది ఇరవై వేలు దాటుతది. ఐదారు వేలల్ల వచ్చే మామూలు నాలుగు పలకల జీ-షాక్ దెబ్బలకు అంతే గట్టిది. అది కూడ బరువే అనుకుంటే, మూడు వేల లోపట 100 మీటర్లు, పదేండ్ల సెల్లు ఉన్న కాసియో ఏఈ-1200 అసుంటిది సూడుండ్రి. ఇంకా తక్కువల ఎఫ్-91డబ్ల్యూ ఉన్నది. పదిహేనువందల లోపట వస్తది, సెల్లు ఏడేండ్లు వస్తది. అయితే అది వానకు ఆగుతది, బాయి ఈతకు కాదు.

నకిలీని పట్టుడు కష్టం గాదు. ప్రతి బటన్ ఒత్తి సూడాలె, ఒక్కటి కూడ ఉత్తది ఉండొద్దు. ఎనుక మూత మీద చిన్న డబ్బాల ఒక నంబరు చెక్కి ఉంటది, అది యంత్రం నంబరు. దాన్ని కంపెనీ సైటుల కొట్టి సూస్తే ఆ వాచీ పుస్తకమే దొరకాలె. బటన్లు ఆ పుస్తకంల చెప్పినట్టు పని చేయాలె. అయిదు వేల వాచీ అయిదు వందలకు వచ్చిందంటే అదృష్టం కాదు, అది వేరే వాచీ. దానికన్న పేరు లేని వంద రూపాయల వాచీ నయం, కనీసం అబద్ధం చెప్పదు.

గడియారం ఎవల చేతిల ఉన్నది?

ఇప్పుడు ఆ రోడ్డు కూలీల కాడికి వద్దాం. కూలి చేతికి నిలవాలె అన్న ఆలోచనతోని పుట్టిన వాచీ 2017 నాటికి పది కోట్లు అమ్ముడువోయింది. కానీ ఇయ్యాల మన అడ్డా మీద పొద్దుగాల నిలబడ్డ కూలీల చేతులు సూడుండ్రి. ఎంతమంది చేతికి వాచీ ఉన్నది? ఫోన్ ఉన్నది అంటరు. సిమెంట్ చేతులతోని ఫోన్ తీస్తమా? గుత్తేదారు ఊకుంటడా? అందుకే పని ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ఆగిందో మేస్త్రీ చెప్పిందే లెక్క.

ఉపాధి హామీ పనుల కాడ 2023 జనవరి నుంచి ఫోన్ యాప్‌తోని దినానికి రెండుసార్లు ఫొటో దీసి హాజరు పెట్టుడు తెచ్చిన్రు. ఫొటో మీద టైం పడుతది. ఆ టైం కూడ కూలి చేతిల లేదు. నెట్టు రాక ఫొటో ఎక్కకపోతే, చెమటోడ్చిన పూట లేనట్టే. వారానికి 48 గంటలు మించి ఫ్యాక్టరీల పని చేయించుకుంటే ఆ పైన గంటకు రెట్టింపు కూలి ఇయ్యాలని చట్టం ఉన్నది. ఎవల కాడ గంటల లెక్క ఉంటే వాళ్లే ఆ చట్టం అడగగలుగుతరు. పది వందల వాచీ, పది రూపాయల నోటుబుక్కు ఉంటే సాలు. వచ్చిన టైం, పోయిన టైం రాసుకో తమ్మీ. నెలకు ఒక్కసారి లెక్కేసి సూడు. మిలిటరీ వాచీ కంటే ఆ నోటుబుక్కు గట్టిది చెల్లే.

ఇంకొకటి నా మనసుల మెదులుతనే ఉంటది. వాచీ కోసం పది మీటర్లు అని లెక్కగట్టిన్రు. పది మీటర్లంటే మూడంతస్తుల ఎత్తు. మన పట్నాలల్ల అదే ఎత్తుల, సర్వబొంగుల మీద, బెల్టు లేక, కింద వల లేక మనిషి నిలబడి ప్లాస్టరింగు చేస్తుండు. వాచీ పలగొద్దని రెండు వందలసార్లు పరీక్ష చేసిన్రు. మనిషి పలగొద్దని ఎన్నిసార్లు చేసిన్రు? భవన కార్మికుల కోసం 1996ల చట్టం వచ్చింది, కట్టే ఖర్చుల నుంచి సెస్సు వసూలు చేస్తున్నరు. ఊర్లకెల్లి పోయి కట్టే మన పిలగాండ్లల్ల సగం మందికి కార్మిక కార్డు ఉన్నదా అని మీరే మీ ఊర్ల అడిగి సూడుండ్రి.

గట్టి వాచీ కొనుక్కోండ్రి, తప్పు లేదు. మన చేతులకు గట్టి వస్తువే కావాలె. కానీ వాచీ కొనేటప్పుడు డబ్బా మీది ప్రతి మాటను ఎట్ల అడిగి, ఒత్తి, తిప్పి సూసిన్రో, పనిల చేరేటప్పుడు కూడ అట్లనే అడగండ్రి: గంటలెన్ని, బెల్టు ఏది, కార్డు ఏది? లోపటి యంత్రానికి దెబ్బ తగలకుండ చుట్టూ ఖాళీ ఇడిసినట్టు, మనిషి చుట్టూ కూడ ఆ జాగ్రత్త ఉండాలె. లేదంటే ఒకనాడు కింద పడ్డ కాడ వాచీ మాత్రమే నడుస్తుంటది.